వాకిలి తూర్పుకి... ఎండ పడమర నుంచి

ఏప్రిల్‌లోనో మే నెలలోనో సాయంత్రం నాలుగు గంటలప్పుడు గండిపేట వైపు నుంచి కోకాపేట మీదుగా గచ్చిబౌలికి వచ్చి చూడండి. ఎదురుగా ఉన్న టవర్లన్నీ నిలువునా అంటుకున్నట్టు కనిపిస్తాయి. నలభై అంతస్తుల అద్దాల మీద పడమటి సూర్యుడు. వీపు వెనకున్న ఎండ ముందు నుంచి కళ్లలో కొట్టే విడ్డూరం ఈ దారిలోనే చూస్తాం. బండి మీద వెళ్లేవాళ్లు హెల్మెట్ అద్దం దించుకుంటారు, కార్లలోవాళ్లు చెయ్యి అడ్డం పెట్టుకుంటారు.

సరిగ్గా అదే వేళకి ఆ అద్దాల వెనక ఆఫీసుల్లో తెరలన్నీ దించేసి ఉంటాయి. వెలుతురు కావాలని అద్దం పెట్టారు. ఎండ కొడుతోందని దానికి తెర కట్టారు. తెర కట్టాక చీకటైందని లైట్లు వేశారు. అద్దం వేడి, లైట్ల వేడి, మనుషుల వేడి కలిసి ఉక్కపోస్తోందని ఏసీ పెంచారు. అద్దానికీ తెరకీ లైటుకీ ఏసీకీ వేరు వేరు బిల్లులు.

హైదరాబాద్ పడమటి కొస ఇంత ఎత్తుకు లేవడం ఇరవై ఏళ్ల ముచ్చట. 2006లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన 86వ నంబరు జీవోతో ఇక్కడ ఎఫ్ఎస్ఐ పరిమితి పోయింది. ఇంత జాగాలో ఇంత విస్తీర్ణమే కట్టాలన్న లెక్క లేదు. ముందున్న రోడ్డు వెడల్పు, చుట్టూ వదలాల్సిన ఖాళీ, విమానాశ్రయం వాళ్ల అనుమతి, ఫైర్ ఎన్‌ఓసీ సరిపోతే చాలు, ఎంతైనా లేపుకోవచ్చు. ముంబయి, బెంగళూరు బిల్డర్లకు ఈ వెసులుబాటు లేదు. ఆ తర్వాత భూమి ధర తన పని తాను చేసుకుపోయింది. 2023 ఆగస్టులో కోకాపేట నియోపొలిస్ వేలంలో ఎకరం అత్యధికంగా రూ.100.75 కోట్లు పలికింది. అంత పెట్టి కొన్నవాళ్లు పదంతస్తులు కట్టి చేతులు దులుపుకోరు కదా.

అద్దం ఎందుకన్న ప్రశ్నకూ జవాబు అక్కడే ఉంది. ఇటుక గోడ చోటు తింటుంది, బరువు పెంచుతుంది, మేస్త్రీలు కావాలి, ప్లాస్టరింగు కావాలి, నీళ్లు పట్టి ఆరబెట్టాలి. అద్దం పలకలు ఫ్యాక్టరీలో తయారై లారీలో వస్తాయి, ఒక్కో అంతస్తుకీ తగిలించుకుంటూ పోవడమే. పైగా కిరాయికి వచ్చే బహుళజాతి కంపెనీకి చూడగానే నచ్చాలి. ఆ ‘చూడగానే’ అన్నది సింగపూర్‌లోనో దుబాయ్‌లోనో స్థిరపడిపోయింది. పోనీ, తప్పు అద్దానిది కాదు. ఏ వైపు ఎంత అద్దం అన్నదే అసలు సంగతి.

అక్కడికే వద్దాం. హైదరాబాద్ 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఏటా మే 9, ఆగస్టు 3 తేదీల ప్రాంతంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా మన నడినెత్తి మీదికి వస్తాడు. నిటారుగా పెట్టిన కర్రకి నీడ పడదు. ఈ రెండు తేదీల మధ్య మధ్యాహ్నపు సూర్యుడు కాస్త ఉత్తరానికే ఉంటాడు. అంటే మండు వేసవిలో దక్షిణపు గోడకి పెద్ద బాధ లేదు. రెండడుగుల సజ్జా పెడితే కిటికీ నీడలోనే ఉంటుంది. ఉత్తరానికీ పెద్దగా భయం లేదు. ఇక్కట్లన్నీ తూర్పు పడమరలతోనే, అందులోనూ పడమరతో. మే నెలలో సాయంత్రం నాలుగింటికి సూర్యుడు పడమట 35 డిగ్రీల ఎత్తున ఉంటాడు, అయిదింటికి 22 డిగ్రీలకు దిగుతాడు. ఆ వాలు ఎండని పైనుంచి ఆపాలంటే లెక్క తేలిగ్గా తేలుతుంది. అయిదడుగుల కిటికీకి నాలుగింటికి పూర్తి నీడ కావాలంటే దాదాపు ఏడడుగుల సజ్జా కావాలి. అయిదింటికి అదీ చాలదు. ఉదయపు తూర్పెండ కూడా ఇంతే వాలుగా వస్తుంది గానీ, అప్పటికి గోడలు, గాలి రాత్రి చల్లదనంలోనే ఉంటాయి. పడమటి ఎండ మాత్రం అప్పటికే కాగి ఉన్న ఊరి మీద పడుతుంది.

కాబట్టి ఇక్కడ టవరు గీసేవాళ్లకి మొదటి పాఠం పెన్సిలు పట్టుకోకముందే ఉంది. పొడవాటి ముఖాలు ఉత్తర దక్షిణాలకి, సన్నటి ముఖాలు తూర్పు పడమరలకి. లిఫ్టులు, మెట్లు, టాయిలెట్లు, పైపుల షాఫ్టులు, ఎండ పడితే నష్టం లేనివన్నీ తీసుకెళ్లి పడమటి గోడకి చేర్చాలి. ఈ రెండూ పైసా ఖర్చు లేని పనులు. తర్వాత లక్షలు పోసి కొనే ఏసీ చిల్లర్లు, సెన్సార్లు అన్నీ కలిసి చేసే సాయానికి ఇవి పునాది.

మరి దిక్కులంటే ప్రాణం పెట్టే జాతి కదా మనది. ఇల్లు కొనడానికి వెళ్తే ధర కంటే ముందు ఫేసింగు అడుగుతాం. ఇక్కడే తమాషా. కోకాపేటలో ఓ సేల్స్ ఆఫీసులో థర్మోకోల్ చెట్లు, నీలి రంగు స్విమ్మింగ్ పూల్ ఉన్న నమూనా చుట్టూ నిలబడ్డ కుటుంబాన్ని చూశాను. పెద్దాయన అడిగిన మొదటి మాట, ‘‘తూర్పు ఫేసింగ్ ఉన్నాయా బాబూ?’’

‘‘ఉన్నాయి సార్. కాకపోతే వాటికి ఎస్‌ఎఫ్‌టీకి కొంచెం ప్రీమియం.’’

‘‘పర్లేదు. బాల్కనీ ఎటొస్తుంది?’’

‘‘వ్యూ సైడ్ సార్. గండిపేట చెరువు కనిపిస్తుంది.’’

పెద్దాయన సంతోషంగా తలూపాడు. ఇప్పుడు ఈ మాటలు విడదీసి చూడండి. తూర్పు ఫేసింగ్ అంటే గుమ్మం తూర్పుకి తెరుచుకోవాలి. టవర్లో గుమ్మం తెరుచుకునేది ఆకాశంలోకి కాదు, కారిడార్లోకి. కారిడార్ తూర్పున ఉందంటే ఫ్లాటు దానికి పడమటి పక్కన ఉన్నట్టే. అంటే కిటికీలు, బాల్కనీ, చాలా ప్లాన్లలో పెద్ద పడకగది కూడా, పడమటి గోడకే. పైగా గండిపేట, అంటే ఉస్మాన్‌సాగర్, కోకాపేటకి ఉన్నదే పడమటి దిక్కున. వాస్తుకోసం ఒకసారి, వ్యూ కోసం ఇంకోసారి డబ్బు కట్టి ఆ పెద్దాయన కొనుక్కున్నది మధ్యాహ్నం రెండు నుంచి సూర్యాస్తమయం దాకా మండే ఎండని. ట్యూబ్‌లైట్ వెలుతురు తప్ప సూర్యకిరణం ఎన్నడూ సోకని కారిడార్లో ఆయన గుమ్మం మాత్రం నిష్ఠగా తూర్పునే చూస్తూ ఉంటుంది. నాకు వాస్తుతో పేచీ లేదు. వాకిటి ముందు అరుగు, ఇంటి మధ్య మండువా ఉన్న రోజుల్లో గుమ్మం ఎటుంటే వెలుతురు, గాలి అటు నుంచే వచ్చేవి. టవర్లో గుమ్మానికి ఆ పని లేదు, అది కిటికీకి బదిలీ అయింది. అడిగే ప్రశ్న మాత్రం పాతదే.

ఎత్తు పెరిగేకొద్దీ ఈ పొరపాటు పెద్దదవుతుంది. నాలుగంతస్తుల ఇంటికి పక్కింటి నీడ, వీధి చెట్టు నీడ ఉంటాయి. ముప్ఫయ్యో అంతస్తుకి ఎవరి నీడా లేదు. 2017లో యూనివర్సిటీ కాలేజ్ లండన్ పరిశోధకులు బ్రిటన్‌లోని ఆఫీసు భవనాల కరెంటు లెక్కలు తీశారు. ఆరు అంతస్తుల లోపు వాటితో పోలిస్తే, ఇరవై దాటినవి చదరపు మీటరుకి దాదాపు రెండున్నర రెట్లు ఎక్కువ కరెంటు వాడుతున్నాయని తేలింది. అంటే ‘పర్యావరణ హిత ఆకాశహర్మ్యం’ అనేది పరుగు పందెంలో చాలా వెనక నుంచి మొదలుపెడుతోంది. పొట్టి భవనంతో సమానం కావడానికే అది చాలా చెయ్యాలి.

ఏం చెయ్యాలో తెలియక కాదు. ఈ టవర్లకి కూతవేటు దూరంలో, కొత్తగూడ దగ్గర, రెండు దశాబ్దాలుగా ఒక జవాబు నిలబడి ఉంది. సీఐఐ సొరాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్. 2003లో దీనికి అమెరికాలో పుట్టిన పర్యావరణ హిత భవనాల కొలమానం ‘లీడ్’లో ప్లాటినం రేటింగ్ వచ్చింది. అమెరికా బయట ఆ రేటింగ్ పొందిన మొదటి భవనం ఇదే. 2004 జూలైలో అప్పటి రాష్ట్రపతి అబ్దుల్ కలాం ప్రారంభించారు. గీసినవారు వడోదరకు చెందిన ఆర్కిటెక్ట్ కరణ్ గ్రోవర్. రేటింగు అమెరికాది గానీ లోపల వాడిన విద్యలు చాలామటుకు మనవే. గుండ్రటి భవనం, మధ్యలో ఆకాశానికి తెరిచిన ముంగిలి, దాని చుట్టూ గదులు. ఎండ నేరుగా పడే చోట జాలీ గోడలు. కుతుబ్‌షాహీల కట్టడాలు చూసినవాళ్లకి ఇది కొత్త కాదు. వెలుతురు వస్తుంది, చిన్న చిన్న రంధ్రాల్లోంచి గాలి వడిగా వస్తుంది, ఎండ మాత్రం ముక్కలై బయటే ఆగిపోతుంది. రెండు గాలి గోపురాలున్నాయి. బయటి వేడి గాలిని పైనుంచి పట్టి, నీటి తుంపరల మీదుగా దించి, సగం చల్లబరిచాకే ఏసీ యంత్రానికి అందిస్తాయి. కప్పు మీద గడ్డి, మొక్కలు. వాడిన నీళ్లు రెల్లు జాతి మొక్కల వేళ్ల మధ్య నుంచి వడకట్టుకుని తోటకి చేరతాయి. లోపల దాదాపు ఎక్కడ కూర్చున్నా పగలు దీపం అవసరం లేదు. మామూలు భవనానికి పట్టే కరెంటులో సగంతో నడిచేలా దీన్ని రూపొందించారు.

దీన్ని చూడటానికి ఎక్కడెక్కడి నుంచో వాస్తుశిల్పులు వచ్చారు. పక్కనే టవర్లు కట్టినవాళ్లు మాత్రం ఇందులోంచి రేటింగు ఫలకాన్ని తీసుకున్నారు, జాలీని వదిలేశారు.

‘‘అది ఇరవై వేల చదరపు అడుగుల బంగ్లా, మాది ఇరవై లక్షలు’’ అని బిల్డర్లు అనొచ్చు. న్యాయమైన అభ్యంతరమే. దానికి జవాబు ఊరికి రెండో కొసన, వరంగల్ దారిలో పోచారంలో ఉంది. ఇన్ఫోసిస్ అక్కడి క్యాంపస్‌లో 2011లో ఒక ఆఫీసు భవనాన్ని సరిగ్గా రెండు సమాన భాగాలుగా కట్టింది. గోడలు అవే, కిటికీలు అవే, మనుషుల సంఖ్యా దాదాపు అంతే. ఒక సగానికి అందరూ పెట్టే ఏసీ, అంటే చల్లటి గాలిని డక్టుల్లోంచి ఊదేది. రెండో సగంలో గాలి ఊదడం బాగా తగ్గించి, కాంక్రీటు స్లాబులోనే ప్లాస్టిక్ పైపులు పరిచి చల్లటి నీళ్లు పారించారు. పైకప్పే చల్లగా ఉంటుంది. మన ఒంటి వేడిని, కంప్యూటర్ల వేడిని అదే లాక్కుంటుంది. తాజా గాలి మాత్రం తేమ తీసేసి, కావలసినంతే పంపుతారు. ఈ తేమ తియ్యడం ముఖ్యం. లేకపోతే చల్లటి గ్లాసుకి చెమట పట్టినట్టు స్లాబుకి పడుతుంది. హైదరాబాద్ పొడి వేసవి దీనికి బాగా కలిసొస్తుంది. విశాఖలో ఇదే పని చెయ్యాలంటే తేమతో ఎక్కువ పోరాడాలి.

పక్కపక్కనే రెండేళ్లు మీటర్లు పెట్టి కొలిస్తే, నీళ్ల సగం గాలి సగం కంటే దాదాపు మూడో వంతు తక్కువ కరెంటుతో నడిచింది. ఆశ్చర్యం ఏమంటే, కట్టడానికయిన ఖర్చు కూడా దానికి రవ్వంత తక్కువే. కారణం మరీ లోతైనదేం కాదు. ఒకే పరిమాణంలో నీరు గాలికంటే వేల రెట్లు ఎక్కువ వేడిని మోస్తుంది. చల్లదనాన్ని గాలితో మోయించడానికి పెద్ద పెద్ద ఫ్యాన్లు కావాలి, నీటితో మోయించడానికి చిన్న పంపు చాలు. టవర్లకి ఇందులో ఇంకో లాభమూ ఉంది. డక్టులకి ప్రతి అంతస్తులో కప్పు కింద రెండడుగుల చోటు పోతుంది, పైపులకి పోదు. నలభై అంతస్తుల్లో ఆ చోటు కలిపితే ఎంతవుతుందో బిల్డర్లకి నేను చెప్పనక్కర్లేదు. అయితే ఈ చల్లటి స్లాబు అద్దాల పెట్టెలో పని చెయ్యదు. అది నెమ్మదిగా పని చేసుకుపోయే మనిషి వంటిది, నాలుగింటి ఎండ దూసుకొస్తే తట్టుకోలేదు. అందుకే ముందు గోడ, తర్వాతే యంత్రం.

ఎత్తులోనూ ఈ పని చేసి చూపించినవాళ్లున్నారు. 1930లో మన సికింద్రాబాద్‌లో పుట్టిన ఛార్లెస్ కొరియా ముంబయి కంబాలా హిల్ మీద కాంచనజంగ అపార్ట్‌మెంట్స్ కట్టారు. 28 అంతస్తులు, 32 ఇళ్లు, 1983లో పూర్తయింది. అక్కడ సముద్రపు గాలి పడమర నుంచే వస్తుంది. చూడచక్కని దృశ్యమూ పడమరే. ఎండా, వానజల్లూ కూడా పడమరే. కోకాపేట చిక్కుముడే, దానికి తోడు వాన. ఆయన పడమర వదులుకోలేదు, అద్దమూ బిగించలేదు. టవరు మూలల్ని రెండంతస్తుల ఎత్తున తొలిచి లోతైన వరండాలు పెట్టారు. ఎండ ఆ వరండాలో ఆగిపోతుంది, గాలి లోపలికి వచ్చి ఇంకో వైపు నుంచి వెళ్లిపోతుంది. మలేసియాలో కెన్ యాంగ్ 1992లో కట్టిన మెనారా మెసినియాగా 15 అంతస్తులదే. కానీ ఎండ కొట్టే తూర్పు పడమరలకి బయటి వైపు అల్యూమినియం రెక్కలు, మెలికలు తిరుగుతూ పైకెక్కే తోటలు, లిఫ్టు లాబీల్లోకి సైతం సహజమైన వెలుతురు, గాలి. ఈ రెండు చోట్లా ఎండ మన ఎండకి పెద్దగా తేడా లేనిదే.

ఇప్పుడు చట్టం సంగతి. కేంద్రం 2017లో సవరించిన ఈసీబీసీ, అంటే వాణిజ్య భవనాల ఇంధన పొదుపు కోడ్, మన వాతావరణానికి స్పష్టమైన అంకెలే చెప్పింది. గోడలో కిటికీ భాగం 40 శాతం దాటకూడదు. అద్దం తన మీద పడ్డ సూర్యుడి వేడిలో 27 శాతానికి మించి లోపలికి వదలకూడదు, ఉత్తరం వైపు మాత్రం 50 శాతం దాకా పర్లేదు. చూశారుగా, కోడ్‌కి కూడా దిక్కులు తెలుసు. ఇళ్లకోసం 2018లో ‘ఎకో నివాస్ సంహిత’ వచ్చింది. గోడలు, కిటికీలు కలిసి చదరపు మీటరుకి సగటున 15 వాట్లకు మించి వేడి లోపలికి పంపకూడదన్నది దాని మూల సూత్రం.

మరి నిలువెత్తు అద్దాలు ఎలా పాసవుతున్నాయి? కోడ్‌లోనే రెండో దారి ఉంది. అంకెలు ఒక్కొక్కటిగా పాటించకపోయినా, మొత్తం భవనం ఏడాదికి వాడే కరెంటు నమూనా భవనాన్ని మించదని కంప్యూటర్‌లో చూపిస్తే సరిపోతుంది. గోడలో పోయినదాన్ని ఖరీదైన చిల్లర్లో రాబట్టుకోవచ్చు. లెక్క ప్రకారం తప్పు లేదు. కానీ చిల్లరు పదిహేను ఇరవై ఏళ్లలో పాతబడుతుంది, మెయింటెనెన్సు తగ్గితే అంతకంటే ముందే. గోడ అరవై ఏళ్లుంటుంది. అద్దె ఆఫీసుల్లో అయితే కట్టేది ఒకరు, కరెంటు బిల్లు కట్టేది ఇంకొకరు. గోడ మీద మొదటివాళ్లకి శ్రద్ధ ఎందుకుంటుంది?

బ్రోషర్లలో మెరిసే సోలార్ పలకల గురించీ ఒక మాట. నలభై అంతస్తుల టవరుకి కప్పు ఒక్కటే, అంటే మొత్తం విస్తీర్ణంలో నలభయ్యో వంతు. అందులో ట్యాంకులు, లిఫ్టు గదులు, హెలిప్యాడ్ పోగా మిగిలిన చోట పలకలు పెడితే కారిడార్ దీపాలు వెలుగుతాయేమో. తెలంగాణ 2023లో తెచ్చిన కూల్ రూఫ్ పాలసీ పాతబస్తీ ఇళ్లకి, రేకుల షెడ్లకి మేలు చేస్తుంది. టవరుకి కప్పు కాదు, నాలుగు గోడలే నెత్తి.

ఇంకో ఖర్చు మీటర్లో కనపడదు. ఇక్కడ నేల కింద ఉన్నది 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు. టవరు పైకి లేచే ముందు కార్లకోసం నాలుగైదు సెల్లార్లు కిందికి దిగాలి, దిగాలంటే ఆ రాయి పేల్చాలి. పేల్చిన రాయి కంకరై, సిమెంటుతో కలిసి మళ్లీ పైకి వస్తుంది. ప్రపంచ కార్బన్ ఉద్గారాల్లో సిమెంటు వాటా ఏడెనిమిది శాతం. ఫ్లై యాష్, స్టీలు ప్లాంట్ల స్లాగు కలిపి సిమెంటు తగ్గించడం మన కాంట్రాక్టర్లకి తెలిసిన విద్యే. అంతకంటే పెద్ద పొదుపు ఒక సెల్లారు తవ్వకపోవడం. మెట్రో రాని చోట యాభై అంతస్తులు కట్టి, ఇంటికి మూడు కార్ల పార్కింగ్ ఇచ్చి, లాబీలో గ్రీన్ రేటింగు ఫలకం తగిలిస్తే, నా వరకు ఆ ఫలకం విలువ ఇత్తడి ధరే.

ఇక కట్టేసినవాటి మాటేమిటి? న్యూయార్క్ ఎంపైర్ స్టేట్ బిల్డింగ్ 1931 నాటిది. 2010లో దాని 6,514 కిటికీలనూ ఊడదీసి, ఆ భవనంలోనే వర్క్‌షాపు పెట్టి, రెండు అద్దాల మధ్య పల్చటి ఫిల్మ్, వాయువు నింపి మళ్లీ బిగించారు. అద్దాలు పారేయలేదు. మొత్తం మరమ్మతులతో 38 శాతం ఇంధనం ఆదా చెయ్యాలని లక్ష్యం పెట్టుకున్నారు. అంత పెద్ద పని మనవాళ్లు ఇప్పుడే తలపెట్టనక్కర్లేదు. ఎండని అద్దానికి బయటే ఆపడం, లోపల కర్టెన్ వెయ్యడం కంటే ఎన్నో రెట్లు మేలు. అద్దం దాటి వచ్చాక వేడి ఇంట్లోదే, తిరిగి బయటికి పోదు. బాల్కనీకి బయటి వైపు రెక్కలో, జాలీయో, కనీసం వెదురు చిక్కులో కడితే చాలు.

నార్సింగి దగ్గర ఓ గేటెడ్ కమ్యూనిటీలో పందొమ్మిదో అంతస్తు పడమటి ఫ్లాటు వాళ్లు ఈ ఏడు ఆ మాటే అడిగారు, బాల్కనీకి వెదురు చిక్కులు వేసుకుంటామని. వాట్సాప్ గ్రూపులో గొడవ మూడు రోజులు నడిచింది. ఎలివేషన్ పాడవుతుందన్నారు సెక్రటరీగారు. పెనుగాలికి ఊడి కింద ఎవరి నెత్తినో పడితే పూచీ ఎవరిదన్నారు ఇంకొకరు. ఫైర్ వాళ్లు ఒప్పుకోరన్నారు మరొకరు. ఇందులో రెండు మాత్రం నిజంగా ఆలోచించాల్సిన ప్రశ్నలే. అందరికీ ఒకే రంగులో, మంట అంటుకోని అల్యూమినియం రెక్కలు వేయిద్దామని ఒక రిటైర్డ్ ఇంజినీరు గారు అంచనా వేసి పంపారట. ఇప్పుడది జనరల్ బాడీ మీటింగు ఎజెండాకెక్కింది, కార్పస్ ఫండ్, లిఫ్టుల ఏఎంసీ తర్వాత మూడో అంశంగా.